మెకానిక్ చేతిలో మార్కు: శంషాబాద్ దారిలో చిన్న ట్రక్కుల కథ

శంషాబాద్‌లో బెంగళూరు రోడ్డు పక్కన ట్రాలీల అడ్డా దగ్గర నిలబడి "ఏ బండి మంచిది?" అని అడిగితే పొద్దుగూకేదాకా జవాబులు వస్తూనే ఉంటాయి. టాటా నడిపేవాళ్లు టాటాను వదలరు, బొలెరోవాళ్లు బొలెరోను వదలరు. రెండు పక్షాలకూ రాజీ కుదిరేది ఒక్క మాట దగ్గరే: పాత బండి గట్టిది, కొత్తదంతా రేకు, వైర్లు. ముసలి చాదస్తం అని దీన్ని కొట్టిపారేయవచ్చు. కానీ ఆ మాట వెనక నలభై ఏళ్ల పారిశ్రామిక చరిత్ర ఉంది. అందులో హైదరాబాద్ కంపెనీ ఒకటి సొంతంగా చిన్న ట్రక్కు తయారుచేసి, కొన్నేళ్లకే చేతులెత్తేసిన ఉదంతమూ ఉంది. ఇక్కడి డ్రైవర్లకు మార్కు మీద అభిమానం ఎలా పుట్టిందో తెలియాలంటే ముందు ఆ ఉదంతం దగ్గరికే వెళ్లాలి.

హైదరాబాద్ సంస్థానానికి మోటారు రవాణా కొత్తేమీ కాదు. నిజాం స్టేట్ రైల్వే 1932లోనే 27 బస్సులు, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించింది. ఆ బస్సులు స్కాట్లాండ్‌కు చెందిన ఆల్బియన్ కంపెనీవి. పదేళ్ల తర్వాత, 1942లో, నిజాం ప్రభుత్వ పారిశ్రామిక నిధి, అల్లాదీన్ కంపెనీ కలిసి ఆల్విన్ మెటల్ వర్క్స్‌ను నెలకొల్పాయి. బస్సు బాడీలు, ఇనుప బీరువాలు, కుర్చీలతో మొదలైన ఆ సంస్థ, రాష్ట్ర ప్రభుత్వ రంగంలోకి వచ్చాక ఫ్రిజ్‌లు, చేతి గడియారాలు కూడా చేసింది. తెలుగునాట ఒక తరం మధ్యతరగతి ఇంట్లోకి వచ్చిన మొదటి ఫ్రిజ్ ఆల్విన్‌దే. అయితే బాడీ కట్టడం వేరు, బండి చేయడం వేరు. ఆ రెండో పని కోసం ఆల్విన్ 1980ల దాకా ఆగవలసి వచ్చింది.

ఆగింది ఆల్విన్ ఒక్కటే కాదు, దేశమంతా ఆగింది. లైసెన్సుల కాలంలో సరుకు బండి అంటే లారీయే, లారీ అంటే దాదాపుగా టాటాయే. 1954లో జర్మనీ బెంజ్ కంపెనీతో కలిసి లారీలు మొదలుపెట్టిన టాటాల టెల్కో, 1969లో ఆ ఒప్పందం ముగిశాక ముందు జాలీ మీద బెంజ్ నక్షత్రాన్ని తీసేసి తన అక్షరం పెట్టుకుంది. అశోక్ లేలాండ్ దక్షిణాన బలంగా ఉండేది. ఫార్గో, బెడ్‌ఫోర్డ్ బళ్లు కొంతకాలం తిరిగాయి. లారీకి తక్కువ, ఎద్దుబండికి ఎక్కువ అనదగ్గ బరువుకు మాత్రం సరైన బండి లేదు. జీపు వెనక తొట్టి కట్టినవి, మెటాడోర్లు, మూడు చక్రాల టెంపోలతోనే నెట్టుకొచ్చేవారు. కొనాలంటే డబ్బు కట్టి వరసలో నిలబడవలసిన రోజుల్లో మార్కు అభిమానం అనే మాటకు అర్థమే లేదు. దొరికిన బండే మంచి బండి.

1980ల మొదట్లో కేంద్ర ప్రభుత్వం తక్కువ డీజిల్ తాగే తేలికపాటి ట్రక్కుల కోసం తలుపు కొద్దిగా తెరిచింది. నాలుగు జపాన్ కంపెనీలు నాలుగు రాష్ట్రాల్లో భాగస్వాములను వెతుక్కుని దిగాయి. పంజాబ్ రోపార్‌లో స్వరాజ్ మాజ్దా, ఉత్తరప్రదేశ్ సూరజ్‌పూర్‌లో డీసీఎం టొయోటా, మధ్యప్రదేశ్ పీథంపూర్‌లో ఐషర్ మిత్సుబిషి, మన అప్పటి మెదక్ జిల్లా జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్. నిస్సాన్ ఇక్కడికి తెచ్చింది క్యాబ్‌స్టార్ అనే మోడల్. ముక్కు లేని క్యాబిన్, తేలికైన స్టీరింగు, మెత్తటి గేర్లు. పాత టాటా లారీ గేరు రాడ్‌ను రెండు చేతులా లాగి అలవాటైన డ్రైవర్‌కు అది కారు తోలినట్టే ఉండేది. బండిలో లోపం లేదని అప్పుడు తోలినవాళ్లు ఇప్పటికీ చెబుతారు.

దెబ్బ తీసింది టోక్యో నుంచి వచ్చిన మారకం రేటు. 1985 సెప్టెంబరులో న్యూయార్క్ ప్లాజా హోటల్లో ఐదు ధనిక దేశాలు కుదుర్చుకున్న ఒప్పందం తర్వాత యెన్ విలువ ఒక్కసారిగా ఎగబాకింది. అప్పుడు డాలర్‌కు 240 దాకా ఉన్న యెన్లు 1987 ఆఖరుకు 120 దరిదాపులకు దిగాయి. జహీరాబాద్‌లో బిగించే బండికి ఇంజిను, గేర్‌బాక్సు వంటివి జపాన్ నుంచే పెట్టెల్లో వచ్చేవి. ఆ పెట్టెల ధర రూపాయల్లో పెరుగుతూ పోయింది. ఏటేటా స్వదేశీ విడిభాగాల వాటా పెంచాలని ప్రభుత్వం షరతు పెట్టింది గానీ, ఒకే చిన్న మార్కెట్‌ను నాలుగు కంపెనీలు పంచుకుంటుంటే, ఒక్కొక్కదానికి వచ్చే కొద్దిపాటి ఆర్డర్లకు ఇక్కడ అచ్చులు పోసి విడిభాగాలు చేసిపెట్టే వ్యాపారి ఎవరు?

సరిగ్గా ఆ సమయానికే, 1986లో, టెల్కో 407 వచ్చింది. పద్దెనిమిది నెలల్లో సొంతంగా తయారుచేసిన బండి అది. జపాన్ బళ్లంత నాజూకు కాదు, శబ్దం ఎక్కువ, క్యాబిన్ మోటు. కానీ ధర తక్కువ. అంతకన్నా ముఖ్యమైన సంగతి, టాటా లారీ విప్పిన చేయి 407ను కూడా విప్పగలదు. జడ్చర్ల దగ్గర ఆగిపోయినా, కర్నూలు దాటాక ఆగిపోయినా దాన్ని చూడగల మేస్త్రీ ఉంటాడు. నాజిల్‌కో, వాషర్‌కో జహీరాబాద్‌కు కబురు పెట్టనక్కర్లేదు. నాలుగు జపాన్ కూటముల్లో కొన్ని తట్టుకోలేకపోయాయి. ఆల్విన్ నిస్సాన్ 1980ల చివర్లో మహీంద్రా చేతికి వెళ్లి, కొంతకాలం మహీంద్రా నిస్సాన్ ఆల్విన్‌గా నడిచి, 1990ల్లో మహీంద్రాలోనే కలిసిపోయింది. ఫ్యాక్టరీ మాత్రం పోలేదు. 2013లో అక్కడే మహీంద్రా పెద్ద ట్రాక్టర్ల కర్మాగారం తెరిచింది. 2015లో వచ్చిన జీతో అనే బుల్లి ట్రక్కు జహీరాబాద్‌లోనే తయారైంది. శంషాబాద్‌లో జీతో తోలే కుర్రవాడికి తన బండి పుట్టిన ఊళ్లో ఒకప్పుడు ప్రభుత్వ కంపెనీ నిస్సాన్ ట్రక్కులు చేసేదని చెప్పేవాళ్లు ఎవరూ మిగల్లేదు.

టొయోటా సంగతి ఇంకా చిత్రం. డీసీఎం అంటే ఢిల్లీ క్లాత్ మిల్స్, 1889లో పెట్టిన బట్టల మిల్లు. ఆ మిల్లు వారసులు టొయోటాతో కలిసి చేసిన ట్రక్కు 1990ల మధ్యలో కొరియా దేవూ రాకతో కనుమరుగైంది. తర్వాత దేవూ కూడా దివాలా తీసింది. అయినా తెలంగాణలో ఈ రోజుకీ ఆ సైజు బండి ఐషర్‌ది కానీ, టాటాది కానీ, "డీసీఎం"యే. పొద్దున పేపర్లో "డీసీఎం బోల్తా" అని చదివితే అది ఏ కంపెనీ బండో ఆ వార్త నుంచి తెలియదు. తయారుచేసిన కంపెనీ బతికి బట్టకట్టలేదు, దాని పేరు మాత్రం ముప్ఫై ఏళ్లుగా పోటీదార్ల బళ్ల మీద తిరుగుతోంది. మార్కును జనం గుర్తుపెట్టుకోవడానికీ, ఆ మార్కునే కొనడానికీ మధ్య ఎంత దూరం ఉందో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

1988లో టెల్కో టాటామొబైల్ 206తో అసలు పికప్‌ల వర్గంలోకి దిగింది. ఆ తర్వాత వచ్చిన 207 ఊళ్ల మధ్య పాలకూ కూరగాయలకూ బాగా తిరిగింది. ఆ కాలంలో ఒక బండికి విలువ కట్టేది కొత్తగా కొనేవాడు కాదు, రెండో చేతి మీద కొనేవాడు. డ్రైవర్‌గా పదేళ్లు పనిచేసి ఓనర్ కావాలనుకునేవాడికి బ్యాంకు గడప తొక్కే ధైర్యం ఉండేది కాదు. 1979లో మొదలైన శ్రీరామ్ ట్రాన్స్‌పోర్ట్ ఫైనాన్స్ వంటి సంస్థలు పాత బళ్ల మీద అప్పు ఇవ్వడమే వ్యాపారంగా పెట్టుకున్నాయి. పాత బండికి అప్పు ఇచ్చేవాడు ముందు చూసేది, రేపు కిస్తీ కట్టకపోతే దాన్ని గుంజుకొచ్చి అమ్మితే ఎంతొస్తుంది అనే. మళ్లీ అమ్మితే మంచి రేటు పలికే మార్కుకు అప్పు తేలిక, అప్పు తేలికైన మార్కుకు కొనేవాళ్లు ఎక్కువ, కొనేవాళ్లు ఎక్కువైతే రాణిగంజ్‌లో కొత్త సామానూ పుత్లీబౌలిలో పాత సామానూ చవకగా దొరుకుతాయి. ఈ చక్రంలోకి ఒకసారి ఎక్కిన మార్కును దించడం కష్టం, ఎక్కని మార్కుకు చోటు దొరకడం అంతకన్నా కష్టం. "మా నాన్న కూడా టాటాయే తోలిండు" అని గర్వంగా చెప్పేవాడి మాట అబద్ధం కాదు. కాకపోతే ఆ నాన్నకు టాటా మీదే అప్పు దొరికింది.

అమెరికాలోనూ ఇంతే అనుకోవచ్చు. డల్లాస్‌లో ఉంటున్న తెలుగువాళ్లు ఫోర్డ్, షెవర్లే పికప్‌ల మధ్య తరతరాల వైరం గురించి విని నవ్వుకుంటారు. అది ఆ దేశపు స్వభావం అన్నట్టే కనబడుతుంది. కానీ 1964లో అమెరికా, ఐరోపా తన కోళ్ల మీద వేసిన సుంకానికి ప్రతీకారంగా, దిగుమతి అయ్యే తేలికపాటి ట్రక్కుల మీద 25 శాతం సుంకం వేసింది. కోళ్ల తగాదా ఏనాడో చల్లారింది, ట్రక్కుల సుంకం పోలేదు. బయటి బళ్లకు గోడ కట్టి మిగిలిన రెండు మూడింటిలో ఒకటి ఎంచుకోమంటే, ఆ ఎంపికే తర్వాతి తరానికి విధేయత అయింది. మన దగ్గర లైసెన్సు కట్టిన గోడ, అక్కడ సుంకం కట్టిన గోడ.

ఇక శంషాబాద్. 2005 మార్చిలో ఇక్కడ కొత్త విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగింది. అదే ఏడాది మే నెలలో టాటా ఏస్ అనే చిన్న ట్రక్కు విడుదలైంది. ఈ రెంటికీ సంబంధం లేదు, కానీ ఈ ప్రాంతపు చరిత్రలో రెండూ ఒకదాన్నొకటి మోసుకెళ్లాయి. 2008 మార్చిలో విమానాశ్రయం తెరుచుకుంది. ఆ నవంబరులో ఔటర్ రింగు రోడ్డు మొదటి ముక్క గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా వచ్చింది. మరుసటి ఏడాది మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్‌కు 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే పూర్తయింది. పొలాలు వెంచర్లయ్యాయి, గోదాములు లేచాయి, ఫంక్షన్ హాళ్లు వరసకట్టాయి. పగటి పూట పెద్ద లారీలను నగరంలోకి రానివ్వకపోవడంతో సరుకు శివార్లలో దిగి చిన్న బళ్ల మీద లోపలికి వెళ్లడం మొదలైంది. చేవెళ్ల, షాబాద్ వైపు నుంచి గుడిమల్కాపూర్‌కు బంతిపూలు, కాటేదాన్ ఫ్యాక్టరీల సరుకు, పెళ్లిళ్లకు టెంట్ హౌస్ కుర్చీలూ గుండిగలూ, విమానాశ్రయం కార్గోకు మందుల పెట్టెలు. వీటన్నిటికీ లారీ ఎక్కువ, ఆటో తక్కువ.

ఆ ఖాళీలోకే ఏస్ దూరింది. ఇండికా కారు డీజిల్ ఇంజినులో సగం కోసినట్టు రెండు సిలిండర్లు, 702 సీసీ, పదహారు గుర్రాల బలం, ముప్పాతిక టన్ను మోత. ధర రెండు లక్షల పాతిక వేల దగ్గర. గిరీష్ వాఘ్ నాయకత్వంలోని బృందం ముందుగా మూడు చక్రాల బళ్లు తోలేవాళ్లను కలిసి మాట్లాడిందని, నాలుగు చక్రాలుంటే ఊళ్లో పిల్లనిస్తారని ఒకతను అన్నాడని ఆ ప్రాజెక్టు కథనాల్లో చెబుతారు. నిజమో, పెంచి చెప్పిందో గానీ, ఆటో తోలేవాడికీ "బండి ఓనర్"కీ మన దగ్గర కూడా పెళ్లిచూపుల్లో తేడా ఉంటుంది. మూడు టన్నులకు మించని సరుకు బండికి మోటారు వాహనాల చట్టం కింద పర్మిట్ అక్కర్లేదు, హెవీ లైసెన్సు సంగతే లేదు. 2017 నాటికి దేశం మొత్తమ్మీద 20 లక్షల ఏస్‌లు అమ్ముడయ్యాయి. అడ్డాలో దాన్ని "టాటా ఏసీ" అనేవాళ్లే ఎక్కువ, లోపల చల్లగాలి మాట దేవుడెరుగు.

మహీంద్రా బొలెరో పికప్‌ది మరో దారి. జీపు వంశం, నిచ్చెనలాంటి ఇనుప ఛాసిస్, ఎత్తైన నడక. పొలంగట్టు పక్కన టమాటా బాక్సులు ఎత్తుకుని బురదలోంచి బయటపడాలంటే ఏస్ చిన్న చక్రాలు చాలవు. శంషాబాద్ దాటి కొత్తూరు, షాద్‌నగర్ వైపు పోయేకొద్దీ బొలెరోలు పెరగడానికి కారణం అభిమానం కాదు, రోడ్డు. గగన్‌పహాడ్ వైపు రోడ్డు పక్క షెడ్లలో దీని సేవ దగ్గరగా చూడవచ్చు. వెనక భాగాన్ని జాకీ మీద లేపి, కమాన్ కట్ట విప్పి నేల మీద పరుస్తారు. కంపెనీ ఇచ్చిన పట్టీల మధ్య ఇంకో పట్టీ దూర్చి, సెంటర్ బోల్టు దింపి, యూ బోల్టులు రెండు వైపులా సమంగా బిగిస్తాడు మేస్త్రీ. చివర కాలితో ఒక తాపు తన్ని చూస్తాడు. ఆ అదనపు పట్టీతో టన్నున్నర బండి రెండున్నర టన్నులు మోస్తుంది. ఇది చట్టవిరుద్ధం, బ్రేకులకు ప్రమాదం. అయినా "గట్టి బండి" అన్న బిరుదు చాలా వరకు ఆ షెడ్డులో తయారైందే, కంపెనీలో కాదు.

ఈ మధ్యలో నిస్సాన్ మళ్లీ వచ్చింది. 2007లో అశోక్ లేలాండ్‌తో చేతులు కలిపి, 2011లో దోస్త్ అనే ట్రక్కును తమిళనాడు హోసూరు నుంచి దింపింది. శంషాబాద్ దారిలో దోస్త్ నిలదొక్కుకుంది. నిస్సాన్ మాత్రం 2016లో తప్పుకుంది. రెండోసారి కూడా భాగస్వామి వెళ్లిపోయాడు, కానీ బండి మిగిలింది. ఈసారి తేడా ఏమిటంటే, లేలాండ్‌కు దక్షిణమంతటా మేస్త్రీలూ సామానూ ముందే ఉన్నాయి. జహీరాబాద్‌కు లేనిదీ, హోసూరుకు ఉన్నదీ అదే.

పాతా కొత్తా తగువు నిజంగా ముదిరింది 2017 తర్వాత. ఆ మార్చి 29న సుప్రీంకోర్టు, ఏప్రిల్ 1 నుంచి బీఎస్-3 అనే పాత కాలుష్య ప్రమాణపు బళ్లు అమ్మకూడదని తీర్పు ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో దేశం బీఎస్-5ను దాటేసి నేరుగా బీఎస్-6కు వెళ్లింది. పాత ఏస్‌లో డీజిల్ పంపు మర చెప్పినట్టు తిరిగేది. బండి పొగ కక్కితే పంపు షాపులో విప్పి, నాజిల్ మార్చి, సాయంత్రానికి అడ్డాలో పెట్టేవారు. కొత్త డీజిల్ బండిలో ఇంధనం ఎంత, ఎప్పుడు అనేది కంప్యూటర్ తేలుస్తుంది. పొగ గొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే బండి కాసేపు ఆగకుండా, వేడెక్కి, ఒకే వేగంతో నడవాలి. అడ్డా బండి బతుకు అలా ఉండదు. సాతంరాయి దాకా ఒక ట్రిప్పు, అక్కడ గంట సేపు ఎదురుచూపు, తిరిగి రెండు కిలోమీటర్లు. ఫిల్టర్ నిండుతుంది, డ్యాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది, ఆ దీపాన్ని లెక్కచేయకపోతే ఇంజిను బలం దానంతటదే తగ్గిపోతుంది. ఆ పైన షెడ్డు మేస్త్రీ చేతిలో స్పానర్ ఉన్నా లాభం లేదు, స్కానర్ ఉండాలి. అది కొనుక్కున్న మేస్త్రీలు ఉన్నారు, కానీ తక్కువ. "కొత్తదంతా వైర్లు" అనే ఫిర్యాదు పుట్టింది ఇక్కడే.

ఈ ఫిర్యాదులో సగమే న్యాయం ఉంది. పాత ఏస్ క్యాబిన్‌లో డ్రైవర్ మోకాళ్లకూ ఎదుటి లారీకీ మధ్య ఉన్నది పల్చటి రేకే, పాత బళ్లను పొగిడేవాళ్లు దాన్ని తలుచుకోరు. పదహారు గుర్రాలతో నిండు లోడు మీద ఆరాంఘర్ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు వెనక పేరుకునే వరసనూ తలుచుకోరు. పొగ సంగతి రోడ్డు పక్క కూర్చుని టీ అమ్మేవాళ్లను అడగాలి. రేకు పలచన అనే ఆరోపణలో నాకు పెద్ద పస కనబడదు. కొత్త బండి మోతా బలమూ కాగితం మీదే కాదు, రోడ్డు మీదా ఎక్కువే. పోయింది బండి గట్టితనం కాదు, దాన్ని తన ఊళ్లో, తన మేస్త్రీ చేత బాగుచేయించుకునే హక్కు. కంపెనీలకూ ఇది తెలుసు. బీఎస్-6 వచ్చిన ఏడాదే టాటా 694 సీసీ పెట్రోల్ ఏస్ తెచ్చింది, 2025 జూన్‌లో 3.99 లక్షల నుంచి మొదలయ్యే ఏస్ ప్రో పెట్రోల్, గ్యాస్, కరెంటు రకాల్లో వచ్చింది. చిన్న బండిలో డీజిల్ ఇక ఖరీదైన వ్యవహారం.

శంషాబాద్ రోడ్డు మీద నంబరు ప్లేట్లు చూస్తే ఈ పొరలన్నీ ఒకేసారి కనబడతాయి. ఏపీ 28 అంటే 2014 జూన్‌కు ముందు రంగారెడ్డి జిల్లాలో రిజిస్టరైనది, టీఎస్ 07 అంటే ఆ తర్వాతి పదేళ్లది, టీజీ 07 అంటే 2024 మార్చి తర్వాతిది. ఏపీ 28 ప్లేట్లున్న బళ్లలో చాలావాటికి పదిహేనేళ్లు నిండాయి, లేదా నిండబోతున్నాయి. 2021 ఆగస్టులో కేంద్రం ప్రారంభించిన తుక్కు విధానం, పెరిగిన ఫిట్‌నెస్ ఫీజులు వాటి మీద కత్తిలా వేలాడుతున్నాయి. అయినా ఇంకా కొనేవాళ్లున్నారు. కంప్యూటర్ లేని ఇంజిను, విప్పడం తెలిసిన మేస్త్రీ, పుత్లీబౌలిలో సామాను, ఈ మూడూ కలిసి ఆ ధరను నిలబెడుతున్నాయి.

ఇదంతా బండి నడిపేవాడే దాన్ని కొంటున్నంత కాలం సాగే లెక్క. 2022 మేలో టాటా కరెంటు ఏస్‌ను విడుదల చేసినప్పుడు అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, బిగ్‌బాస్కెట్ వంటి సంస్థలతో 39,000 బళ్లకు ఒప్పందాలు కుదిరాయి. వాటిలో అమెజాన్‌కు 2015 నుంచే కొత్తూరులో పెద్ద గోదాము ఉంది, 2023 జనవరిలో ఆ సంస్థ సరుకు విమానాలు హైదరాబాద్ నుంచి ఎగరడం మొదలుపెట్టాయి. ఆ గోదాముల మధ్య తిరిగే బండికి మరమ్మతు, బ్యాటరీ, సర్వీసు అన్నీ ఒప్పంద పత్రంలోనే రాసి ఉంటాయి. దాన్ని ఎంచేది బెంగళూరులోనో ముంబైలోనో కిలోమీటరుకు ఎన్ని పైసలని లెక్కగట్టే ఉద్యోగి. తోలేవాడికి నెల జీతం, కమాన్ పట్టీతో పనిలేదు. ఏ మార్కు మంచిదని అతణ్ని అడిగితే, ఏ కంపెనీ డ్యూటీలో పార్సిళ్లు తక్కువో చెబుతాడు.